ఉద్యోగం పోయిన మర్నాడు ఆ దేశం ఏమంటుంది?

మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో మొన్న ఒక జాబితా తిరిగింది. వలస పోయేవాళ్లకు అన్నిటికంటే మంచి దేశాలు ఏవని వరుసగా పేర్లు. పైన స్విట్జర్లాండ్, నార్వే, ఆ వెనక కెనడా, ఆస్ట్రేలియా, ఎక్కడో కింద అమెరికా. కొడుకు డల్లాస్‌లో ఉన్న సారుకు కోపమొచ్చింది. బిడ్డ మెల్‌బోర్న్‌లో ఉన్న మేడం మాత్రం జాబితా సరిగ్గానే ఉందన్నారు. మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి చివరికి బంతి నా దగ్గరికే వచ్చింది: "సార్, మీరు చెప్పండి, ఏది మంచిది?"

గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్పగలిగేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ జాబితాలన్నీ జీతం చూస్తాయి, ఆసుపత్రులు చూస్తాయి, గాలి, నీళ్లు, భద్రత చూస్తాయి. అవన్నీ ముందుగా అక్కడి పౌరులవి. మనవాడికి అందులో ఎంత వాటా దక్కుతుందో అతని పాస్‌పోర్టులో పడిన స్టాంపు చెబుతుంది. స్విట్జర్లాండ్ గొప్ప దేశమే, మానవాభివృద్ధి సూచికలో ఐస్‌లాండ్, నార్వేల పక్కనే ఉంటుంది. అయితే యూరప్ బయటివాళ్ల వర్క్ పర్మిట్లకు అక్కడ ఏటా కోటా ఉంది. పౌరసత్వం కావాలంటే మామూలుగా పదేళ్లు ఉండాలి, ఆపైన నివసించే ఊరి కమ్యూన్ కూడా సరేననాలి. అది స్విస్ పౌరుడికి మంచి దేశం. కోస్గి నుంచో కోదాడ నుంచో వెళ్లే పిల్లాడికి ఎంత మంచిదన్నది వేరే లెక్క.

నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఉద్యోగం పోయిన మర్నాడు పొద్దున ఆ దేశం ఈ మనిషితో ఏమంటుంది? "ఉండు, ఇంకోటి వెతుక్కో" అంటుందా, "సామాను సర్దుకో" అంటుందా? జీతం ఎంతన్నది ఈ ప్రశ్న తర్వాతే.

పాలమూరు వాళ్లకు కొత్త కాదు

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ దగ్గర, శ్రీశైలం దగ్గర మట్టి మోసింది, రాయి కొట్టింది ఎవరో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత బొంబాయి, పుణె. ఇంట్లో ముసలివాళ్లను, బడికెళ్లే పిల్లలను వదిలి మొగుడూ పెళ్లాలు బస్సెక్కడం ఇక్కడ రెండు మూడు తరాలు చూసినదే.

మద్దూరు వైపు ఒక పెద్దమనిషి ఉన్నాడు. వయసులో గుంపు మేస్త్రీ కింద చాలా ఊళ్లు తిరిగాడు. మా విద్యార్థి తాత. ఆ పిల్లవాడి స్కాలర్‌షిప్పు కాగితాల కోసం వాళ్లింటికి పోయినప్పుడు, మాటల్లో మాటగా ఆయన్ను అడిగాను: "పెద్దనాయినా, ఇన్ని ఊర్లు తిరిగినవు గదా, ఏడ మంచిగుండె?"

బొంబాయి అంటాడనుకున్నాను, కూలి అక్కడే ఎక్కువ. ఆయన కాసేపు ఆలోచించి, ఎక్కడో కర్ణాటకలో ఒక కాలువ పని పేరు చెప్పాడు. "ఆడ కూలి తక్కువనే సారూ. గని ఆ మేస్త్రీ కాయితం రాపిచ్చుకోలె. బొంబాయి మేస్త్రీ బయానా ఇచ్చి మా నాయినతోని ఏలిముద్ర ఏపిచ్చుకున్నడు. నాకు జరమొచ్చి నెల పండుకుంటే గూడ ఇంటికి పోనియ్యలె. బాకీ తీరలే అన్నడు."

కూలి తక్కువైనా, వదిలి రాగలిగిన చోటే ఆయనకు మంచి చోటైంది. అప్పటి నుంచి ఏ దేశం వీసా నిబంధనలు చదివినా నాకు ఆ వేలిముద్రే గుర్తొస్తుంది.

అమెరికా అరవై రోజులు

అమెరికా గురించి నిజాయితీగా చెప్పాలి. నల్లగొండ, సూర్యాపేటల్లో అమెరికా డబ్బుతో లేచిన ఇళ్లు, జరిగిన పెళ్లిళ్లు, తీరిన అప్పులు అందరికీ కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆ జీతం ఇంకెక్కడా రాదు. చేసిన పనికి పేరు వస్తుంది, మన పేరు పలకడం రాకపోయినా పని చూసి పైకి తెచ్చే మేనేజర్లు ఉన్నారని అక్కడున్నవాళ్లే చెబుతారు.

మరి మర్నాటి సంగతి? హెచ్-1బీ, అంటే కంపెనీ పిటిషన్ మీద వచ్చే వర్క్ వీసా, దాని మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ గడువైనా 2017లో వచ్చిన నిబంధన, అంతకుముందు అదీ లేదు. ఆ రోజుల్లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా దేశం వదలాలి.

మా చిన్నమ్మ కొడుకు లేఆఫ్ అయ్యాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ముందుగా అన్నమాట: "అన్నా, అమ్మకు చెప్పకు." తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఇంటి లీజు ఇంకా ఏడు నెలలుంది, మధ్యలో వదిలితే కట్టాలి. కారు లోన్ ఉంది. పాప ఒకటో తరగతి, స్కూల్లో నాటకంలో కప్ప వేషం, డ్రెస్ కొన్నారు. ఆ నాటకం వాడు లెక్కేసుకున్న ఆఖరి తేదీ తర్వాత. పన్నెండేళ్లుగా పన్నులు కడుతున్న మనిషి, కూతురి స్కూలు నాటకానికి తాను ఆ దేశంలో ఉంటాడో లేదో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. చివరి వారాల్లో వేరే ఉద్యోగం దొరికింది, జీతం తక్కువ. బేరమాడే పరిస్థితి లేదు కాబట్టి ఒప్పుకున్నాడు.

నన్ను ఆలోచింపజేసింది ఆ తగ్గిన జీతమే. గడువు మెడ మీద ఉన్నవాడు జీతం గురించి గట్టిగా మాట్లాడలేడు. అంటే వీసా భయం జీతంలోంచి కూడా కోత కోస్తుంది, ఏ జాబితా ఆ కోతను చూపదు.

గ్రీన్‌కార్డు వస్తే ఈ బాధ పోతుంది, నిజమే. కానీ ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఇండియాకూ అంతే, మన నాలుగు మండలాలంత జనాభా ఉన్న దేశానికీ అంతే. పైచదువులున్నవాళ్ల వరుసైన ఈబీ-2లో, 2025లో కూడా మనవాళ్ల వంతు 2013లో దరఖాస్తు పడినవాళ్ల దగ్గరే నడిచింది. ఈలోపు పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోతారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వమన్న పాత భరోసా కూడా అదే ఏడాది కోర్టులకెక్కింది.

జీతంలో అమెరికాకు మొదటి స్థానం ఇస్తాను. నా పరీక్షలో మాత్రం మనవాళ్ల వరకు అది వెనకబడింది.

గల్ఫ్‌ను తీసిపారేయలేను

ఇక్కడే నా పరీక్షకు గట్టి ఎదురుదెబ్బ తగులుతుంది.

గల్ఫ్‌లో అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కఫీల్ అనే యజమాని చేతిలో ఉంటుంది. అతణ్ణి వదిలి పారిపోతే ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఏ ఆసుపత్రికి పోవాలన్నా భయం, పోలీసు కనిపిస్తే గల్లీ మారాలి, చివరికి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ (దేశం వదిలేందుకిచ్చే కాగితం) తీసుకుని ఖాళీ చేతులతో ఇంటికి. ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చంటూ ఏజెంటు ఆజాద్ వీసా అని చెప్పి అమ్మింది చాలాసార్లు ఇక్కడికే తెస్తుంది. ఎన్నేళ్లు చేసినా కూలివాడికి పౌరసత్వం మాట లేదు. కొంత మారింది, కాదనను. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. సౌదీ కూడా 2021లో సడలింపులిచ్చింది గానీ ఇంటి డ్రైవర్లను, ఇంటిపని వాళ్లను, తోటమాలులను బయటే ఉంచింది. మనవాళ్లలో చాలామంది చేసేవి ఆ పనులే. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు తెచ్చింది. అంత మేరకు మంచిదే. అలాంటి ఉత్తర్వు అవసరం పడిందంటేనే అక్కడి బతుకేమిటో తెలుస్తుంది.

నా లెక్క ప్రకారం గల్ఫ్ ఫెయిల్. సరే, పదో తరగతి తప్పిన, ఎకరన్నర మెట్ట తప్ప ఏమీ లేని పిల్లాడికి కెనడా పాయింట్లు ఎన్ని ఇస్తుంది? వయసు, డిగ్రీ, ఇంగ్లీషు పరీక్ష, అనుభవం అన్నీ కలిపి లెక్కేసే ఆ పద్ధతిలో అతని పేరు జాబితాలోకే రాదు. మంచి దేశాలన్నీ గేటు దగ్గరే ఏరుకుంటాయి. ఏరుకున్న తర్వాత బాగా చూసుకుంటాయి. ఏరకుండా పని ఇచ్చేది గల్ఫే. దేవరకొండ వైపు ఒక తల్లి నాతో అన్నది: "గా మస్కట్ లేకుంటే నా ఇద్దరు బిడ్డల పెండ్లి ఏడికెల్లి జేద్దును సారూ?" ఆమెకు నేను కఫీల్ గురించి పాఠం చెప్పలేదు. చెప్పే హక్కు నాకుందనుకోను.

కాబట్టి "మంచి దేశం ఏది" అనే ప్రశ్న వెనక "ఎవరికి" అనేది ఎప్పుడూ ఉంటుంది. చదువున్నవాళ్లకు ఎంచుకునే వీలుంది. వీలున్నవాళ్లు కూడా జీతం ఒక్కటే చూసి ఎంచుకోవడమే నాకు బాధ కలిగించేది.

మనదగ్గరికి వచ్చినవాళ్లు

ఒక పక్క మాట. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసేది ఎక్కువగా బిహార్ హమాలీలు. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, బయానా మీద వచ్చినవాళ్లు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వాళ్లతో మనం ఏమన్నాం? మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది, వాళ్లు ఇంటికి పోవడానికి తహతహలాడుతున్నారు కనుక. వారం తిరిగిందో లేదో, వడ్లు మిల్లులకు చేరే కాలం కావడంతో బిహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. వాళ్లకు స్టేషన్లో స్వాగతం పలికారు. పని ఉంటే పూలు, పని లేకపోతే రోడ్డు. మన పిల్లల విషయంలో పరాయి దేశాలను అడిగే ప్రశ్నే ఇది, మన జిల్లాను కూడా అడగాల్సిందే. అక్కడ మనకు వచ్చే మార్కులు తక్కువ.

పరీక్ష పాసయ్యే దేశాలు

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఈ మూడింట్లో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఒకసారి చేతికొస్తే అది మనిషి పేరు మీద ఉంటుంది, కంపెనీ పేరు మీద ఉండదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుంటావు. టాక్సీ నడుపుతావు, కొట్టు పెట్టుకుంటావు, ఎవరినీ అడగక్కర్లేదు. కెనడాలో పీఆర్ వచ్చాక ఐదేళ్లలో 1,095 రోజులు ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. ఆస్ట్రేలియాలో నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది పీఆర్ మీద. అక్కడ ఇంకా పీఆర్ రాని, కంపెనీ స్పాన్సర్ చేసిన వర్కర్ కూడా ఉద్యోగం పోతే ఒక్కోసారి 180 రోజుల వరకు వెతుక్కోవచ్చని 2024 జూలై నుంచి నిబంధన మార్చారు. అమెరికా అరవైకి ఇది మూడు రెట్లు. ఆ నాలుగు నెలల తేడాలో మనిషి తలెత్తి ఇంటర్వ్యూకు పోగలడు.

న్యూజిలాండ్ ఇంకో అడుగు ముందుంది. రెసిడెంట్ వీసా ఉండి ఏడాది అక్కడ నివసించినవాళ్లు పౌరులు కాకపోయినా జాతీయ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఇది తెలిసిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. వచ్చి ఏడాదైనవాడిని కూడా ప్రభుత్వం ఎవరుండాలో చెప్పమని అడిగే దేశం ఒకటి భూమ్మీద ఉంది.

కష్టాలు లేవని కాదు. కెనడాలో అద్దెలు చూస్తే గుండె జారుతుంది. మా పాత విద్యార్థి ఒకడు బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌లో మరో నలుగురితో ఉండి, ఫార్మసీ డిగ్రీ పెట్టెలో పెట్టి, గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేశాడు. వీడియో కాల్‌లో చూపించాడు: కిటికీ కప్పు దగ్గర అరచేతి వెడల్పున, బయట మంచు దాన్నీ మూసేసింది. "సార్, పొద్దున్నో రాత్రో ఫోన్ చూస్తెనే తెలుస్తది" అన్నాడు. పైగా తలుపులు సన్నబడుతున్నాయి. 2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెట్టారు, అదే అక్టోబరులో 2025కు అనుకున్న 5 లక్షల పీఆర్‌లను 3,95,000కు తగ్గించారు. బ్రిటన్ చూడండి, స్థిరనివాసానికి ఐదేళ్లు అన్నది పదేళ్లు చేస్తామని 2025 మేలో శ్వేతపత్రం తెచ్చింది. సగం దారిలో ఉన్నవాళ్ల గుండెల్లో రాయి పడింది.

నిబంధనలు ఎప్పుడైనా మారతాయి గదా, మీ పరీక్షకు విలువేమిటని మా డల్లాస్ సారు అడిగారు. సరైన ప్రశ్నే. నా జవాబు ఇది: మారడం వేరు, అసలు మాటే ఇవ్వకపోవడం వేరు. కెనడా తగ్గించినా, ఇన్ని పాయింట్లు వస్తే ఇంత కాలంలో అవుతుందని కాగితం మీద చెబుతోంది. అమెరికా వరుసలో నిలబడ్డవాడికి తన వంతు ఏ ఏడాది వస్తుందో ఎవరూ చెప్పలేరు. బేస్‌మెంట్‌లో ఉన్న ఆ పిల్లవాడు కూడా పీఆర్ వచ్చాక గోడౌన్ మానేసి లైసెన్సు పరీక్షలకు కూర్చున్నాడు. ఎవరి సంతకం కోసం ఆగలేదు.

జర్మనీ

మనవాళ్లు తక్కువగా తలచే దేశం ఇది. మా అక్క కొడుకు మెకానికల్ చదివాడు. వాడికి నేను చెప్పింది జర్మనీ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు చూపాలి, ఆ డబ్బు నెలనెలా మనమే వాడుకుంటాం. చదువయ్యాక బ్లూ కార్డు (డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే అనుమతి) వచ్చి, భాష బీ1 అనే మధ్య స్థాయికి వస్తే 21 నెలల్లో స్థిరనివాసం. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి ఎనిమిదేళ్లకు బదులు ఐదేళ్లు.

బావ ఒప్పుకోలేదు. "ముప్పై ఏండ్లొచ్చే ముందు మళ్ల అ ఆ లు నేర్సుకోవాల్నా? అమెరికా అయితే పోంగనే పని" అన్నాడు. భాష కష్టం నిజం. రాకపోతే ఆఫీసులో ఉత్తరం చదవలేవు, డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పలేవు. అయినా ఆ కష్టం మన చేతిలో ఉంది, కూర్చుంటే తీరుతుంది. ఏడు శాతం కోటా ముందు ఎంత కూర్చున్నా ఏమీ తీరదు. బావకు, నాకు ఈ వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

అమ్మానాన్న, నాలుగెకరాలు

ఇంతవరకు వెళ్లినవాళ్ల గురించే రాశాను. ఇక్కడ మిగిలినవాళ్ల సంగతి తేలకపోతే ఏ దేశానికీ పూర్తి మార్కులు వేయలేను.

తల్లిదండ్రులను తెచ్చుకునే విషయంలో అమెరికాకు న్యాయం చేయాలి: పౌరుడైతే చాలు, కోటా లేకుండా వాళ్లకు గ్రీన్‌కార్డు ఇస్తుంది. పౌరుడయ్యేదాకా రావడమే మనకు ఒక జీవితకాలం. తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసా మీద 2022 నుంచి ఒక్కో విడత ఐదేళ్ల వరకు ఉండొచ్చు, వైద్యబీమా సొంతంగా కట్టుకోవాలి. ఆస్ట్రేలియాలో మామూలు పేరెంట్ వీసాకు వెయిటింగు 30 ఏళ్ల పైమాటే. అరవై దాటినవాళ్లకు ఆ మాట చెప్పడం క్రూరంగా ఉంటుంది. డబ్బు పోసి తీసుకునే ఇంకో వీసా ఉంది గానీ అది కూడా ఏళ్ల తరబడి పనే.

నిడమనూరు దగ్గర ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరిపొలం ఉన్న కుటుంబం నాకు బాగా తెలుసు. కొడుకూ కోడలూ పెర్త్‌లో ఉన్నారు, పౌరసత్వానికి అర్హత వచ్చింది, ఫారం నింపడం లేదు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, అక్కడిది తీసుకుంటే ఇక్కడిది వదలాలి. పొలం పోతుందని వాళ్ల నాయన భయం. ఊళ్లో ఎవరో అట్లా చెప్పారట, ఆయన పట్టాపాసుపుస్తకం బీరువాలోంచి తీసి నాకు చూపిస్తూ అడిగాడు. నేను తెలిసినంత వివరంగా చెప్పాను: ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరు, మామూలుగా ఎన్నారైలు కూడా కొనలేరు, అందులో పౌరసత్వం మారితే కొత్తగా పోయేదేం లేదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే పొలం మాత్రం వాళ్లు తీసుకోవచ్చు, ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. ఇంకో సంగతి కూడా దాచలేదు. ఇక్కడ ఓటు పోతుంది, అది పోవడం చిన్న విషయం కాదు.

ఆయన చాలాసేపు పుస్తకం పేజీలు తిప్పాడు. "మరి వాడు ఆడ్నే ఉంటడా?" అన్నాడు. ఉంటాడనే చెప్పాను. పిల్లలు అక్కడి బడిలో ఉన్నారు, ఇల్లు కొన్నారు. పీఆర్‌తో బతకొచ్చు గానీ, అన్ని హక్కులూ ఉన్న చోట సగం హక్కులతో ఎందుకుండాలి? తీసుకొమ్మనండి అని చెప్పాను. ఆయన సరేననలేదు, వద్దనలేదు. కొడుక్కి ఫోన్ కలిపి నా చేతికిచ్చి, ఇప్పుడు చెప్పిందంతా వాడికి మళ్లీ చెప్పమన్నాడు.